గేమ్ మూసేటప్పుడు మాత్రమే ఎర్రర్: సరిచేసుకోవాలా, వదిలేయాలా?

ఒంగోలు_గేమర్
ఇరవై ఏళ్ల కిందటి ఒక స్ట్రాటజీ గేమ్‌ను విండోస్ 11లో ఆడుతున్నాను. ఆటలో ఏ ఇబ్బందీ లేదు. ‘ఎగ్జిట్’ నొక్కగానే మాత్రం తెర నల్లబడి, ప్రోగ్రామ్ పనిచేయడం ఆగిపోయిందంటూ ఒక పెట్టె వస్తుంది. విండోస్‌లో ఎర్రర్ల చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ తెరిచి చూశాను. ఈవెంట్ ఐడీ 1000, ఎక్సెప్షన్ కోడ్ 0ఎక్స్‌సి0000005, మాడ్యూల్ పేరు దగ్గర ఎన్‌టిడిఎల్‌ఎల్ అని ఉంది. పాత విండోస్‌లో ఉన్నట్టు నడిపించే కంపాటిబిలిటీ మోడ్ పెట్టినా అంతే. దీన్ని పట్టించుకోవాలా?

కోడ్‌పంతులు
అక్కర్లేదు, హాయిగా ఆడుకోండి. ఆ కోడ్ అంటే యాక్సెస్ వయలేషన్. తనది కాని మెమరీ జోలికి ప్రోగ్రామ్ వెళ్లిందని అర్థం. ఎన్‌టిడిఎల్‌ఎల్ విండోస్ సొంత ఫైలే, అయినా ఆ పేరు చూసి విండోస్‌ను తిట్టుకోకండి, తప్పు ఎక్కడ చేసినా చివరికి పట్టుబడేది తరచుగా అక్కడే. నా అనుమానం సౌండ్ మీద. ప్రోగ్రామ్‌లో ఏకకాలంలో నడిచే పనులను థ్రెడ్‌లంటారు. మెయిన్ థ్రెడ్ సౌండ్ బఫర్లను, అంటే ధ్వనిని తాత్కాలికంగా ఉంచే మెమరీని, ఖాళీ చేసేస్తుంది, సౌండ్ థ్రెడ్ ఇంకా నడుస్తూనే ఉండి పోయిన బఫర్‌ను చదవబోతుంది. పాత గేమ్‌లలో ఇది మామూలే. ప్రోగ్రామ్ ముగిశాక దాని మెమరీ మొత్తాన్ని విండోసే వెనక్కి తీసుకుంటుంది, మీకు పోయేదేమీ లేదు. ఆ పెట్టె చిరాకు పెడుతుంటే విండోస్ అమరికలుండే రిజిస్ట్రీలో విండోస్ ఎర్రర్ రిపోర్టింగ్ కింద ‘డోంట్‌షోయుఐ’ విలువను 1 చేయండి, ఇక కనబడదు.

గోదారిగట్టు
ర్యామ్ చూపించుకోండి. నాకూ ఇదే కోడ్ వచ్చింది.

మినపట్టు
ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కి నిద్రపోండి.

బగ్గులవేట
పంతులు గారూ, పెట్టెను దాచేస్తే జబ్బు నయమవుతుందా? పైగా ఆ విలువ ఈ ఒక్క గేమ్‌కే కాదు, ఆ ఖాతాలో నడిచే ప్రోగ్రాములన్నిటికీ వర్తిస్తుంది. రేపు ఆయన పద్దులు రాసుకునే సాఫ్ట్‌వేర్ కూలినా చప్పుడు ఉండదు.

ఒంగోలు గారూ, గేమ్‌లో సౌండ్ స్థాయి కాస్త తగ్గించి ఎగ్జిట్ నొక్కండి. ఎర్రర్ వచ్చాక సెట్టింగ్స్ ఫైలు చివరిసారి ఎప్పుడు మారిందో దాని ప్రాపర్టీస్‌లో చూడండి. పాత గేమ్‌లు కొన్ని సెట్టింగ్స్‌ను మూసేటప్పుడే రాస్తాయి. రాయకముందే కూలిపోతోందా, రాశాక కూలిపోతోందా అన్నది తేలితేనే ‘పోయేదేమీ లేదు’ అనగలం.

కోడ్‌పంతులు
ఇలా పెట్టె దాచడం కొత్తేమీ కాదు. 1990లో వచ్చిన వింగ్ కమాండర్ గుర్తుందా? ఆట మూసేటప్పుడు ఈఎమ్‌ఎమ్386 అనే మెమరీ మేనేజర్ నుంచి ఎర్రర్ వచ్చేది. విడుదల దగ్గరపడింది, కారణం దొరకలేదు. ప్రోగ్రామర్ ఫైలులోని బైట్లను నేరుగా మార్చే హెక్స్ ఎడిటర్ తీసుకుని ఆ ఎర్రర్ వాక్యాన్నే ‘వింగ్ కమాండర్ ఆడినందుకు ధన్యవాదాలు’ అని మార్చేశాడు. ఆట అలాగే వెళ్లింది, జనం మెచ్చుకున్నారు.

బగ్గులవేట
ఆయన వెతికి, దొరక్క, గడువు మీదపడితే ఆ పని చేశాడు. మీరు వెతకకముందే చేయమంటున్నారు.

గోదారిగట్టు
అందరూ నా మాట దాటవేస్తున్నారు. కోడ్ ‘మెమరీ’ అంటోంది. మెమరీ అంటే ర్యామ్ కాక మరేమిటి? మా ఊరి షాపులో ఇదే కోడ్ చూపించి ఒక ర్యామ్ కార్డు పీకి కొత్తది పెట్టారు. ఆరు వేలు పోయాయి. ఎర్రర్ మాత్రం పోలేదు.

నిశాచరి
పోలేదంటే ర్యామ్ కారణం కాదనే కదా అండీ?

గోదారిగట్టు
రెండో కార్డు కూడా పాడై ఉండవచ్చు.

కోడ్‌పంతులు
ర్యామ్ పాడైతే ఆట మధ్యలోనూ కూలుతుంది, బ్రౌజర్ కూలుతుంది, ఒక్కోసారి నీలి తెర వస్తుంది. ఎగ్జిట్ నొక్కేదాకా ఆగి, ప్రతిసారీ అక్కడే పాడయ్యేంత క్రమశిక్షణ దానికి ఉండదు. అనుమానం తీరకపోతే విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ నడపండి, అది ఉచితం.

ఒంగోలు_గేమర్
బగ్గులవేట గారు చెప్పినట్టు చూశాను. ఫైలు సమయం మారలేదు, గేమ్ మళ్లీ తెరిస్తే సౌండ్ పాత స్థాయిలోనే ఉంది. ఆటకు వాడే కీబోర్డు మీటలు మార్చుకున్నా నిలవడం లేదు. నేను సేవ్ చేసిన ఆటలు మాత్రం భద్రంగా ఉన్నాయి.

కోడ్‌పంతులు
సేవ్‌లు భద్రం. ఇక గొడవేముంది? సౌండ్ స్థాయి కోసం ఇంత రాద్ధాంతం ఎందుకు తమ్ముడూ? ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఒకసారి చేత్తో మార్చుకుంటే సరిపోతుంది.

బగ్గులవేట
నన్ను తమ్ముడూ అనకండి. నేను మగవాణ్ణే కాదు.

మీటలు నిలవడం లేదని ఆయన చెబుతుంటే మీకు సౌండ్ స్థాయి ఒక్కటే కనిపించింది. హైదరాబాద్‌లో ఒక గేమ్ కంపెనీలో టెస్టింగ్ నా ఉద్యోగం. మూసేటప్పుడు వచ్చే క్రాష్‌ను ఎలా రప్పించాలో అడుగడుగూ రాసి పంపితే, మీలాంటి ప్రోగ్రామర్లు ‘సరిచేయం’ అని రెండు ముక్కలు రాసి మూసేస్తారు. ఏడాది చివర నా పనితీరు నివేదికలో ‘చిల్లర లోపాలు ఎక్కువ రాస్తుంది’ అని చేరుతుంది. తర్వాత ఆటగాళ్లు అదే లోపం మీద ఒక్క నక్షత్రం ఇచ్చి తిట్టిపోస్తే, ‘టెస్టింగ్ వాళ్లు ఏం చేస్తున్నారు’ అని మమ్మల్నే అడుగుతారు.

మినపట్టు
ఇప్పుడు అసలు సంగతి బయటపడింది.

కోడ్‌పంతులు
క్షమించండి మేడమ్, పేరు చూసి పొరబడ్డాను. కానీ మీ కంపెనీ కోపం ఈయన గేమ్ మీద చూపిస్తే ఎలా? నా వైపు నుంచి కూడా వినండి. విడుదలకు వారం ఉందనగా, ఎవరో ఎప్పుడో రాసి వెళ్లిపోయిన సౌండ్ లైబ్రరీని కదిలిస్తే, మూసేటప్పుడు వచ్చే ఎర్రర్ పోయి ఆట మధ్యలో కొత్తది పుడుతుంది. అప్పుడు రాత్రంతా కూర్చునేది ప్రోగ్రామరే. ‘సరిచేయం’ అని రాయడం వెనుక బద్ధకమే ఉండదు, భయం కూడా ఉంటుంది.

బగ్గులవేట
అయితే ‘భయంగా ఉంది, తర్వాతి ప్యాచ్‌లో చూద్దాం’ అని రాయండి. తెలిసిన లోపాల జాబితాలో పెట్టండి. సరిచేయలేకపోవడం మీద నాకు కోపం లేదు. దాన్ని లోపమే కాదనడం మీద కోపం. అది లోపమా కాదా అని తేల్చే హక్కు ఎప్పుడూ మీకే ఎందుకు ఉండాలి? ఇక్కడా మొదటి జవాబులోనే, ఒక్క ఫైలు కూడా చూడకుండా, ‘పోయేదేమీ లేదు’ అని తేల్చేశారు.

కోడ్‌పంతులు
ఎవరో ఒకరు తేల్చకపోతే ఏ గేమూ బయటికి రాదు.

నిశాచరి
మీరు మీరు తేల్చుకునేలోపు, ఒంగోలు గారూ, గేమ్ సౌండ్ ఆప్షన్లలో ‘హార్డ్‌వేర్ యాక్సిలరేషన్’ అని ఉందేమో చూసి, ఉంటే ఆపేయండి. విండోస్ ఎక్స్‌పీ కాలంలో డైరెక్ట్‌సౌండ్ అనే విండోస్ ధ్వని భాగం నేరుగా సౌండ్ కార్డుతో మాట్లాడేది. దాని తర్వాత వచ్చిన విస్టా నుంచి ఆ దారి మూసేశారు. పాత గేమ్‌లు కొన్ని ఇంకా ఆ దారినే వెతుక్కుంటాయి. దానితో తగ్గకపోతే తెర మీద ఫ్రేమ్ రేటు చూపించే ఓవర్‌లేలు, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు ఒక్కొక్కటే ఆపి చూడండి. అవి కూడా గేమ్‌లోకి చొరబడి, మూసేటప్పుడు తగాదా పెడతాయి.

ఒంగోలు_గేమర్
అది ఆపాను. ఇప్పుడు ఎర్రర్ రావడం లేదు. సెట్టింగ్స్ ఫైలు సమయం కూడా మారింది, మార్చిన మీటలు నిలిచాయి. ఓవర్‌లేల జోలికి పోలేదు. నిశాచరి గారికి, బగ్గులవేట గారికి ధన్యవాదాలు.

కోడ్‌పంతులు
సౌండ్ మీద అనుమానమని నేను మొదటే చెప్పాను. నా పేరు లేదు, పర్వాలేదు.

అయితే ఒక మాట. ఆ గేమ్ కోడ్‌లో తప్పు ఉన్నచోటే ఉంది. ఆ దారిన పోకుండా తప్పించుకున్నారు, అంతే. దీన్ని సరిచేయడం అంటారా మేడమ్?

బగ్గులవేట
అనను. లోపం అలాగే ఉంది, తప్పించుకునే దారి దొరికింది అంటాను. టెస్టింగ్‌లో ఆ రెండింటికీ వేరువేరు గళ్లు ఉంటాయి, రెండూ నింపుతాం. ఆయన గేమ్ ఇప్పుడు ఫైలు రాసుకుంటోంది కదా, ఈ పూటకు అది చాలు. ఒంగోలు గారూ, గేమ్ వెర్షన్, ఆ ఆప్షన్ ఏ మెనూలో ఉందో మొదటి పోస్టులో చేర్చండి, ఇదే ఎర్రర్‌తో వచ్చేవారికి వెతుకులాట తప్పుతుంది.

గోదారిగట్టు
నా కంప్యూటర్‌లో గేమ్ కాదు, ప్రింటర్ సాఫ్ట్‌వేర్ మూసేటప్పుడు వస్తుంది. దానికీ హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఉంటుందా?