మరుగుజ్జు కమ్మరుల కళ్లు ఎలా ఉండాలి?

కొలిమి_మనవడు:
మాది కనిగిరి దగ్గర పల్లె. గుహల్లో బతికే మరుగుజ్జు కమ్మరుల జాతి మీద పెద్ద కథ రాస్తున్నాను. పొట్టి ఒళ్లు, మొద్దు చేతులు అందరూ రాసేవే. కళ్ల దగ్గర ఆగిపోయాను. చీకట్లో బాగా కనిపిస్తుందని రాసేశాను. కానీ మా తాత కమ్మరి. కర్రు కాల్చేటప్పుడు కొలిమికి అడ్డంగా గోనెపట్టా కట్టేవాడు, ఎండలో ఇనుము రంగు తెలియదని. చింతనిప్పులా ఉందా, పసుపు తిరిగిందా చూసుకున్నాకే సమ్మెట దెబ్బ. చీకటికి అలవాటుపడ్డ కంటికి రంగులు తెలియవు కదా, మరి వీళ్లు పనెలా చేస్తారు?

గూడూరు_అభ్రకం:
తమ్ముడూ, నేను బయాలజీ చెబుతాను. కంటి లోపల వెలుతురును పట్టే కణాలు రెండు రకాలు. మసక వెలుతురులో చూసేవి దండాలు, రంగులు పట్టేవి కోనులు. దండాల మీద ఎర్ర కాంతి ప్రభావం చాలా తక్కువ. అంటే ఎర్రగా కాలిన ఇనుమును చూసినా చీకటి చూపు పెద్దగా చెడదు. కాబట్టి మీ వాళ్లకి దండాలు బోలెడు, ఎరుపును పట్టే కోనులు ఇంకా బోలెడు ఇవ్వండి. ఎరుపులోనే ఇరవై రకాలకి పేర్లుంటాయి. నీలాన్ని పట్టే కోనులు మాత్రం వద్దు, నీలం వాళ్లకి ఉత్త బూడిద రంగే.

మార్కాపురం_పలక:
గాలి సంగతి మర్చిపోకండి అన్నా. మా పెదనాన్న పలకల పనిలో దుమ్ము పీల్చి దగ్గుతోనే పోయాడు. గుహలో బొగ్గులు కాలిస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. అది రక్తంలో హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తిత్తి ఊదేవాళ్ల కన్నా గాలి బిలాలు కాపలా కాసేవాళ్లకే ఆ ఊళ్లో ఎక్కువ మర్యాద ఉండాలి. ఇంకోటి, లోపల చెట్లుండవు. కట్టెబొగ్గు కోసం అడవి మనుషులతో సంబంధం కలుపుకోవాల్సిందే.

కొలిమి_మనవడు:
అక్కా, మీ నీలం మాట చదివాక నిద్ర పట్టలేదు. కాల్చి నీళ్లలో ముంచిన కత్తి గాజులా పెళుసుగా ఉంటుంది. మళ్లీ సన్నగా వేడి చేస్తే దాని మీద గడ్డిరంగు, తర్వాత వంగపండు రంగు, ఆపైన నీలం వస్తాయి. అదంతా సుమారు 220 నుంచి 300 డిగ్రీల లోపే జరిగిపోతుంది. ఏ రంగు దగ్గర ఆపాలో తాత నా చేత చూపించి నేర్పాడు. మా మరుగుజ్జులకి ఆ నీలమే కనిపించదు! ఎంత గొప్ప కత్తి చేసినా ఆఖరి రంగు చెప్పడానికి బొగ్గులు తెచ్చే అడవి పిల్లను లోపలికి పిలవాలి. తమ్ముడూ, మీరన్న బొగ్గు బేరం నుంచే ఆ పిల్లను తెస్తాను. ఈ రాత్రికే మొదటి అధ్యాయం మార్చి రాస్తాను.