‘ది టైగర్ ఇన్ ది స్మోక్’: హంతకుడెవరో ముందే తెలిసిపోయింది, ఇంకా చదవాలా?

ప్రశ్న (నల్గొండ):
అందరికీ నమస్తే. మార్జరీ అల్లింగ్‌హామ్ 1952లో రాసిన ఈ నవల క్లాక్ టవర్ దగ్గర పాత పుస్తకాల్లో దొరికింది. మొదలు చాలా బాగుంది, యుద్ధంలో చనిపోయాడనుకున్న భర్త ఫోటోలు, అవీ కొత్తగా తీసినవి, రెండో పెళ్లికి సిద్ధమవుతున్న మెగ్‌కి వస్తుంటాయి. కానీ కొంచెం ముందుకెళ్లగానే హత్యలు చేసేది జాక్ హావొక్ అనే పారిపోయిన ఖైదీ అని తెలిసిపోయింది. డిటెక్టివ్ క్యాంపియన్ ఉన్నాడు గానీ అంతా పక్కనుంచి చూస్తున్నట్టే ఉన్నాడు. పైగా ఎక్కడ చూసినా పొగమంచే. నాకు చివరిదాకా దొంగెవడో తెలియకుండా చదవడం అలవాటు. దీన్ని పూర్తి చేయమంటారా?

జవాబు (మిర్యాలగూడ):
అన్నా, ఆ పొగమంచుని దాటేయకు. మన నార్కట్‌పల్లి రోడ్డు మీద డిసెంబర్‌లో తెల్లగా పట్టి, ఎండెక్కితే పోయే మంచు కాదది. ఇంటింటా కాల్చే బొగ్గు పొగ మంచులో కలిసి ముక్కులోకి దిగేది. లండన్‌కి ‘స్మోక్’ అనే మారుపేరే ఉండేది, టైటిల్ అక్కడిదే. మా డాబా మీద ఆరేసిన తెల్ల చొక్కా సాయంత్రం తీస్తే రైస్ మిల్లు ఊక బూడిద నల్ల చుక్కలుగా పడి ఉంటుంది, రుద్దితే ఇంకా పాకుతుంది. ఊరంతా అట్లా ఉందనుకుని చదివిన నేను. అదే 1952 డిసెంబర్ 5 నుంచి 9 దాకా లండన్‌లో నిజంగానే అలాంటి పొగ కమ్మి, అప్పటి లెక్కలోనే దాదాపు 4,000 మంది పోయారు. 1956లో క్లీన్ ఎయిర్ చట్టం తెచ్చింది అందుకే.

జవాబు (మహబూబ్‌నగర్):
ఎవరు చేశారన్నది కాదు సార్, వాడు ఎప్పుడు ఎవరి గుమ్మం ముందుకొస్తాడన్నదే టెన్షన్. వీధుల్లో వాయిద్యాలు వాయిస్తూ డబ్బులడిగే ఆ మాజీ సైనికుల గుంపుని చూడండి, యుద్ధం ముగిసి ఏడేళ్లయినా బతుకు దొరకనివాళ్లు. ఇక మెగ్ తండ్రి, ముసలి పాస్టర్ కానన్ ఎవ్రిల్. రాత్రి చీకటి చర్చిలో ఆయన, హావొక్ ఎదురుపడే చోట నేను పుస్తకం మూసి ఇంట్లో తలుపు గడియ పెట్టానా లేదా అని చూసొచ్చాను. చేతిలో ఏ ఆయుధం లేని పెద్దమనిషి అలాంటివాడితో అంత శాంతంగా, వాడి మంచి కోరి మాట్లాడటం నేను ఏ డిటెక్టివ్ నవల్లోనూ చూడలేదు. నిధి కోసం ఫ్రాన్స్ వెళ్లే చివరి భాగం మాత్రం కాస్త తొందరగా చుట్టేసినట్టే అనిపించింది. అయినా ఆ ఒక్క సీన్ కోసం చదవాల్సిందే.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ సార్, థాంక్స్ తమ్మీ. ఎవ్రిల్‌ని నేను ఊరికే ఇంటి పెద్ద అనుకుని గబగబా తిప్పేశాను. ఆయన వచ్చిన పేజీల నుంచి మళ్లీ మొదలుపెడతా. చర్చిలో ఏమైందో మాత్రం ఎవరూ చెప్పకండి.