నర్సింగ్ చదివిన చెల్లి ఏడాది పాటు మిషన్ ఓడలో సేవకు వెళ్తానంటోంది, పంపాలా?

గుంటూరు_అన్న
ప్రభువు నామంలో అందరికీ వందనాలు. మా చెల్లి బీఎస్సీ నర్సింగ్ చేసి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో థియేటర్ నర్సుగా పనిచేస్తోంది. జర్మనీ వెళ్లడానికి జర్మన్ నేర్చుకుంటోంది. బీ1 పాసైంది, బీ2 రాయాలి. ఇప్పుడు అన్నీ పక్కనపెట్టి మెర్సీ షిప్స్ అనే క్రైస్తవ సేవాసంస్థ వాళ్ల ‘గ్లోబల్ మెర్సీ’ ఓడలో ఏడాది పనిచేస్తానంటోంది. అది ఆసుపత్రి ఓడ. ఆరు ఆపరేషన్ థియేటర్లు ఉంటాయి. 2023లో సియెర్రా లియోన్‌లోని ఫ్రీటౌన్ రేవుకు వెళ్లి అక్కడి పేదలకు ఉచితంగా ఆపరేషన్లు మొదలుపెట్టింది. జీతం ఉండదు. భోజనం, వసతికి నెలనెలా మనమే కట్టాలి. టికెట్, ఇన్సూరెన్స్ కూడా మనవే. అమ్మ ఒకటే టెన్షన్. మీరేమంటారు?

లెక్కల_మాస్టారు
జీతం లేకుండా చేయడం సేవ, ఒప్పుకుంటాను. ఎదురు డబ్బు కట్టి పనిచేయడం ఏ సేవ? ఈ ఒక్కదానికి జవాబు చెప్పండి.

నెల్లూరు_పాస్టరమ్మ
మాస్టారూ, అక్కడ సర్జన్ కూడా తన ఖర్చు తానే పెట్టుకుంటాడు, వంటగదిలో గిన్నెలు కడిగే కుర్రాడూ అంతే. అలా చేస్తేనే వచ్చిన విరాళాలు రోగులకు మిగులుతాయి. పంపు నాయనా. ఎప్పుడూ తెల్లవాళ్లు వచ్చి మనకు చేయడమేనా? 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారు దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు వెళ్లారు, కూలీలుగా పోయిన మన తెలుగువాళ్ల కోసం. ఆయన్ను పంపింది అమెరికా వాళ్లు కాదు, తెలుగు బాప్టిస్టుల సొంత హోమ్ మిషనరీ సొసైటీ. అంతటి చరిత్ర ఉన్న మనం ఒక పిల్లను పంపడానికి వెనకాడుతున్నాం.

లెక్కల_మాస్టారు
రంగయ్య గారు 1915లో కన్నుమూసే వరకు ఆ పనిలోనే ఉన్నారు. గుంటూరులో ఆసుపత్రి కట్టిన అమెరికా డాక్టరమ్మ అన్నా కుగ్లర్ గారు 1883లో వచ్చి జీవితమంతా ఇక్కడే గడిపారు. వాళ్ల పేరు చెప్పి ఏడాదికి పోయొచ్చే వాళ్లను పంపమంటే ఎలా? ఇంతకీ నెలవారీ ఫీజు సంగతి తేలలేదు.

వైజాగ్_కుర్రోడు
మతం మార్చడానికేనా ఇదంతా?

నెల్లూరు_పాస్టరమ్మ
గ్రహణం మొర్రి ఉన్న బిడ్డను నీ మతమేంటని అడిగి ఆపరేషన్ చేయరు బాబూ. ఏ మతం వాళ్లకైనా చేస్తారు.

హాస్టల్_బిడ్డ
నేను మిషన్ హాస్టల్‌లో పెరిగాను. పేరు చెప్పను. వేసవి వస్తే విదేశాల నుంచి ఇరవై ఏళ్లు కూడా నిండని అక్కలు, అన్నలు వచ్చేవారు. ఆ రోజు మాకు కొత్త గౌన్లు వేసేవారు. ఫొటోలు అయ్యాక వార్డెన్ వాటిని విప్పించి, మడతపెట్టి బీరువాలో పెట్టి తాళం వేసేది. ఒక అక్క నాకు జడలు వేసి, మళ్లీ వస్తానని చేతిలో చెయ్యి వేసి చెప్పి వెళ్లింది. రాలేదు. కంబోడియా అనాథాశ్రమాల్లో పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని యూనిసెఫ్ ఎప్పుడో చెప్పింది. మాకూ ఉన్నారు. వచ్చేవాళ్లు ఉన్నంతకాలం చూపించడానికి పిల్లలు కావాలి.

నెల్లూరు_పాస్టరమ్మ
నీ బాధ అర్థమైంది తల్లీ. కానీ ఆ పిల్ల చదువుకున్న నర్సు. థియేటర్ పని తెలిసిన మనిషి. పాటలు నేర్పడానికి వెళ్లడం లేదు.

హాస్టల్_బిడ్డ
నర్సు అయితే నాకు అభ్యంతరం లేదు. ఉగాండాలోని జింజాలో వైద్యం చదవని అమెరికా యువతి నడిపిన పోషకాహార కేంద్రం మీద 2019లో అక్కడి తల్లులు కోర్టుకెక్కారు. ‘మనసుంటే చాలు’ అని పంపేవాళ్లకు చెబుతున్నాను. ఈ చర్చ చదివి రేపు ఇంటర్ పిల్లలను కూడా పంపుతారు.

నెల్లూరు_పాస్టరమ్మ
అందరినీ ఒకే గాటన కట్టకు. ఆ హాస్టల్ అన్నం తినే కదా నువ్వు ఇంత చదివావు?

హాస్టల్_బిడ్డ
ఈ మాట కోసమే చూస్తున్నాను. అన్నం పెట్టారు, కాబట్టి నోరు మూసుకోవాలి! మా నాన్న కౌలు రైతు. నా మీద పెట్టిన ఖర్చులో సగం ఆయన చేతిలో పెట్టి ఉంటే నేను మా ఇంట్లోనే పెరిగేదాన్ని. అది మీకెవరికీ తట్టలేదు.

లెక్కల_మాస్టారు
పాస్టరమ్మ గారూ, ఆ మాట అనకుండా ఉండాల్సింది.

గుంటూరు_అన్న
దయచేసి గొడవ పడకండి. అసలు సంగతి చెబుతాను. చెల్లి చదువుకు లోన్ తీసింది నేను. దాని కోసం నా పెళ్లి వాయిదా వేసుకున్నాను. తను జర్మనీ వెళ్తే అప్పు తీరుతుంది, అమ్మకు స్లాబ్ ఇల్లు వేద్దామనుకున్నాం. ఇప్పుడు దేవుడు పిలిచాడంటోంది. ఆ మాట అన్నాక నేనేం మాట్లాడినా దేవుడికి అడ్డం వచ్చినట్టే అవుతోంది.

నెల్లూరు_పాస్టరమ్మ
ముందే చెప్పాల్సింది నాయనా. అయినా నా మాట అదే. మనం అప్పుల్లో ఉన్నాం కాబట్టి ఎప్పటికీ పుచ్చుకునేవాళ్లమే అనుకుంటే మన సంఘాలు ఎప్పటికీ ఎదగవు.

హాస్టల్_బిడ్డ
ఆ ఎదుగుదల ఖర్చు మాత్రం ఇంట్లో అన్న కట్టాలి.

థియేటర్_నర్సు
ఆ చెల్లిని నేనే. ఈ లింకు అమ్మ పంపింది. అన్నయ్యా, లోన్ కిస్తీల్లో నా రెండేళ్ల జీతం కూడా ఉంది. అది నువ్వు ఇక్కడ రాయలేదు. జర్మనీ మానేస్తానని నేనెప్పుడూ అనలేదు, ఏడాది తర్వాత అన్నాను. ఇంట్లో నేను ఏం మాట్లాడినా ‘నీ కోసం పెళ్లి మానుకున్నా’ అంటావు. దేవుడి పేరు ఎత్తకపోతే నా మాట వినేవాడివా?

గుంటూరు_అన్న
ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికి రా. బ్యాంకు పాస్‌బుక్ తీసుకొస్తాను. అమ్మ ముందే చూద్దాం.

లెక్కల_మాస్టారు
ఆ లెక్కలో ఓడ వాళ్లకు కట్టే నెలవారీ ఫీజు కూడా రాయండి. టికెట్, ఇన్సూరెన్స్ విడిగా రాయండి.