ఎలుక కొరికిన కారు: జాయింట్ వేయించాలా, వైరింగ్ మొత్తం మార్చాలా?

కొర్లగుంట కుర్రోడు:
అన్నలారా, పది రోజులు బండి తీయలేదు. నిన్న స్టార్ట్ చేస్తే ఇంజిన్ లైటూ, బ్రేకు వేస్తే చక్రాలు పట్టేయకుండా చూసే ఏబీఎస్ లైటూ రెండూ వెలిగినాయి. బానెట్ ఎత్తితే బ్యాటరీ పక్కన పెంటికలు, పీకిన స్పాంజి. సర్వీస్ సెంటర్లో పైపైన చూసి వైరింగ్ సెట్టు మొత్తం మార్చాలంటాండారు. మా వీధి ఎలక్ట్రీషియన్ రెండు జాయింట్లు చాలంటాడు. ఎవరి మాట వినేది?

తిరుచానూరు రోడ్డు:
జాయింటే. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా ఏంది?

గ్రీమ్స్‌పేట రైడర్:
అంత తేలిగ్గా చెప్పొద్దు సామీ. నేనూ జాయింటే వేయించినా. రెండు వానలకు పచ్చగా చిలుం పట్టి, మొగిలి ఘాట్‌లో రాత్రిపూట బండి ఆగిపోయింది, ఇంట్లోవాళ్ళతో సహా. ఆ పొద్దు నుంచీ జాయింట్ అంటేనే భయం.

బోనులో వడ:
వినాయకుడి వాహనం గదన్నా, కాణిపాకానికి లిఫ్ట్ అడిగుంటుంది 😀

చిత్తూరు ఎలక్ట్రీషియన్:
రైడర్ అన్నా, నీకు వేసినోడు వైరు మెలేసి టేపు చుట్టుంటాడు. సోల్డర్ పెట్టి, లోపల జిగురుండి, వేడి తగిలితే బిగుసుకునే గొట్టం (హీట్ ష్రింక్ స్లీవ్) తొడిగితే నీళ్ళు దూరవు. కానీ పసుపు గొట్టంలో పోయే వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి. వాటిల్లో ఒకటి తెగినా నేను చెయ్యి పెట్టను, ఆ ముక్క కొత్తది వేయాల్సిందే.

అసలు ఎన్ని తెగినాయో ఎవరన్నా లెక్కపెట్టినారా? ఆ లెక్క లేకుండా ఈ వాదనెందుకు? తమ్ముడూ, బ్యాటరీ మైనస్ తీసెయ్. గ్లవ్స్, మాస్కు వేసుకో, ఎలుక మూత్రంతో జ్వరాలొస్తాయి. పెంటికలు పొడిగా ఊడ్చొద్దు, బ్లీచింగ్ నీళ్ళు చల్లి తుడువు. ఎయిర్ ఫిల్టర్ డబ్బా ఊడదీయి, గూడు సగం అక్కడే ఉంటుంది. గ్లవ్ బాక్స్ వెనక ఏసీ ఫిల్టరు, ఇంజెక్టర్ల వైర్లు, చక్రాల దగ్గర ఏబీఎస్ సెన్సార్ వైర్లు కూడా చూడు. పెట్రోల్ వాసన వస్తే మాత్రం తాళం తిప్పొద్దు. పైపు కొరికుంటే బండే కాలిపోతుంది.

తిరుచానూరు రోడ్డు:
చూసేటప్పుడే మందు కూడా పెట్టెయ్.

చిత్తూరు ఎలక్ట్రీషియన్:
వద్దు. మందు తిన్నది వెంటనే చావదు. బ్లోయర్లో చస్తే డ్యాష్‌బోర్డు విప్పాల్సొస్తుంది. బోనులో ఎండుచేప పెడితే చాలు.

పాలసీ మావ:
ఇన్సూరెన్స్ సంగతి ఎవరూ ఎత్తలేదే? థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే పైసా రాదు. ఫుల్ పాలసీ అయితే ఫోటోలు తీసి, సర్వేయర్ చూసినాకే వైరు ముట్టుకోనీ. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది, అంటే క్లెయిమ్ చేయనందుకు సొంత బండి డ్యామేజీ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అది 20 నుంచి 50 శాతం దాకా ఉంటుంది. చిన్న బిల్లుకు క్లెయిమ్ దండగ.

కొర్లగుంట కుర్రోడు:
చూసినా. తెగినవి మూడే, పసుపు గొట్టం బాగుంది. ఫిల్టర్ డబ్బా నిండా శెనక్కాయ పొట్టు! పోయిన నెల ఊరి నుంచి డిక్కీలో తెచ్చిన మూట పుణ్యం. క్లెయిమ్ చెయ్యను, రేపు జాయింట్లే వేయిస్తా.

గ్రీమ్స్‌పేట రైడర్:
వేయించుకో. ఘాట్ ఎక్కే ముందు మాత్రం రెండు వానల్లో తిప్పి చూడు.