ఫిస్క్ రెండు స్వర్ణాల్లో ఏది గట్టిది: 1928దా, 1932దా?

చలిమిడి:
బాబ్‌స్లెడ్ (మంచు ట్రాక్ మీద జట్టుగా కూర్చుని జారే బండి) నడిపే అమెరికా డ్రైవర్ బిల్లీ ఫిస్క్ 1928లో సెయింట్ మోరిట్జ్‌లో, 1932లో లేక్ ప్లాసిడ్‌లో ఒలింపిక్ స్వర్ణాలు కొట్టాడు. మొదటిసారి వయసు 16 అని అందరూ 1928నే ఆకాశానికెత్తుతారు. నా లెక్కలో అది సగం పోటీ. నాలుగు రన్లు (కిందికి జారే విడతలు) జరగాల్సింది, మంచు కరిగి రెండింటితో ఆపేశారు. ఫిస్క్ టైం 3:20.5, జెన్నిసన్ హీటన్ నడిపిన రెండో అమెరికా స్లెడ్ 3:21.0. సహజమంచు ట్రాక్ మెత్తబడితే ముందు దిగిన స్లెడ్ల రన్నర్లు (కింద ఉండే లోహపు పట్టీలు) గాడులు కోస్తాయి, వెనక దిగినవాడు వాటిలో పడి వేగం పోగొట్టుకుంటాడు. నాలుగు రన్లయితే ఆ తేడా కొంత సర్దుకుంటుంది. రెండింట్లో ఎక్కడ సర్దుకుంటుంది?

మలుపు26:
అర సెకను అంత తేలికైపోయిందా అండీ? 2014 సోచిలో మహిళల పోటీలో కెనడా, అమెరికా మధ్య నాలుగు రన్లకీ కలిపి తేడా 0.10. దాన్ని ఎవరూ సగం గెలుపు అనలేదే! పైగా 1928లో దిగినవి 23 స్లెడ్లు. 1932 నలుగురి పోటీలో ఏడు. ఏడంటే ఏడు.

స్కేలుబద్ద:
ఏడే, కానీ రెండో స్థానం ఎవరిదో చూడండి. హెన్రీ హోంబర్గర్. లేక్ ప్లాసిడ్ దగ్గర వాన్ హోవెన్‌బర్గ్ కొండ మీద 1932 ట్రాక్ కట్టినప్పుడు పనిచేసిన ఇంజనీరు, స్థానికుడు. ఒకటిన్నర మైలు, 26 మలుపులు, ప్రతి గట్టూ అతనికి తెలుసు. అలాంటివాడి మీద ఫిస్క్ 7:53.68తో గెలిచాడు, హోంబర్గర్‌ది 7:55.70. మూడో స్థానం జర్మనీ 8:00.04.

అక్కడ డ్రైవింగ్ ఎంత కష్టమంటే, జిగ్‌జాగ్ అనే చోట రెండు ఎదురెదురు మలుపులు వెంటవెంటనే వస్తాయి. మొదటి మలుపులో స్లెడ్‌ని తొందరపడి పైకెక్కిస్తే బయటికొచ్చేసరికి జారి గోడకు రాసుకుంటుంది. ఆలస్యం చేస్తే రెండోదానికి వరస కుదరదు. సరిచేద్దామని ముందు రన్నర్లను గట్టిగా తిప్పితే అవి అడ్డంగా మంచును గీకుతాయి, అక్కడే వేగం పోతుంది. శిక్షణలో షేడీ అనే మలుపు దగ్గర జర్మన్ల స్లెడ్ గట్టు దాటి పడింది కూడా.

నాలుగోసీటు:
అంతా డ్రైవర్ గురించేనా? 1932 జట్టులో ఎడ్డీ ఈగన్ ఉన్నాడు. 1920 యాంట్వెర్ప్ ఒలింపిక్స్‌లో లైట్ హెవీవెయిట్ బాక్సింగ్ స్వర్ణం అతనిదే. బాబ్‌స్లెడ్ ఎక్కి మూడు వారాలే. అదే జట్టులోని జే ఓబ్రయన్‌కి అప్పుడు 48 ఏళ్లు. ఇవాళ ఇలాంటి జట్టు అర్హత పోటీ కూడా దాటదు. ఎందుకంటే ఇప్పుడు మొదట్లో స్లెడ్‌ని పరుగెత్తి తోసే 50 మీటర్ల తోపుడులో 0.1 సెకను పోతే కింద దాదాపు 0.3 అవుతుంది. అప్పట్లో తోపుడుకి ఈ పదును లేదు, బరువుకి పరిమితీ లేదు. 1952 ఓస్లోలో జర్మన్లు భారీకాయులతో గెలిచాకే పరిమితి వచ్చింది. నలుగురి స్లెడ్‌కి ఇప్పుడు మనుషులతో కలిపి 630 కిలోలు. కాబట్టి 1932లో మిగతా ముగ్గురూ కదలకుండా కూర్చున్న బరువే ఎక్కువ. అలాంటప్పుడు గెలుపు స్టీరింగ్‌ది కాక ఎవరిది?

మలుపు26:
ఆ మాట 1928కీ వర్తిస్తుంది కదా గురూ. అప్పుడు ఐదుగురు! ఇంకా బరువు, స్టీరింగ్ పట్టింది 16 ఏళ్ల కుర్రాడు. 1932 అంత శుద్ధమనీ అనకండి. అదే క్రీడల్లో ఇద్దరి పోటీ గెలిచిన స్టీవెన్స్ సోదరులు రన్నర్లను బ్లోటార్చ్‌తో కాల్చి దిగారు. వేడి లోహం కింద మంచు పలచగా కరిగి రాపిడి తగ్గుతుంది. అది అప్పుడు నేరం కాదు. ఇప్పుడైతే పోల్చడానికి పక్కన ఉంచే రిఫరెన్స్ రన్నర్ కంటే 4 డిగ్రీలకు మించి వేడిగా ఉంటే వేటే.

స్కేలుబద్ద:
అది ఇద్దరి పోటీ, ఫిస్క్ మెడకు చుట్టకండి. వాతావరణం 1932నీ వదల్లేదు, ముగింపు వేడుక అయ్యాక నలుగురి పోటీ జరిపారు. కానీ నాలుగు రన్లూ పూర్తిచేశారు. నాకు ఆ తేడా చాలు.

చలిమిడి:
శీతాకాల ఒలింపిక్స్ స్వర్ణం గెలిచిన మగవాళ్లలో అతి చిన్నవాడన్న ఫిస్క్ రికార్డు 1992లో స్కీ జంపర్ టోనీ నీమినెన్ వచ్చేదాకా నిలిచింది, దాని జోలికి నేను రాను. 1928 ఫలితం పక్కన ‘రెండు రన్లు’ అని రాయమంటున్నాను, అంతే.

మలుపు26:
రాయండి. ఆ పక్కనే ‘23 స్లెడ్లు’ అని కూడా రాయండి.