తుమ్మ కట్టె చీలుస్తుంటే కత్తి అంచు పెచ్చు ఊడింది, ఎక్కడ తప్పు చేశాను?

చేనుగట్టు:
అందరికీ నమస్కారం. ఉద్యోగం హైదరాబాద్‌లో, నెలకోసారి భూపాలపల్లి వైపు మా ఊరికి వెళ్తాను. చేను దగ్గర టార్పాలిన్ కట్టుకొని ఒక రాత్రి గడపడం అలవాటైంది. అందుకోసమే నాలుగు నెలల కింద మడతపడని కత్తి ఒకటి కొన్నాను. కార్బన్ స్టీల్, బ్లేడు 10 సెంటీమీటర్లు, మందం రెండున్నర మిల్లీమీటర్లు.

పోయిన శనివారం వాన పడింది. కట్టె పైన తడిసినా లోపల పొడిగానే ఉంటుంది కదా అని, మణికట్టంత లావున్న నల్ల తుమ్మ మొద్దు నిలబెట్టి, కత్తి ఆనించి, ఇంకో కర్రతో కొట్టాను. వీడియోల్లో రెండు దెబ్బలకే చీలిపోతుంది. నాది సగంలో ఇరుక్కుపోయింది. అటూ ఇటూ ఊపి లాగాను. బయటికి వచ్చాక చూస్తే పిడికి రెండు వేళ్ల దూరంలో సగం జొన్నగింజంత పెచ్చు లేదు. చాలా బాధేసింది. ఇంకా మందమైనది కొనాలా? ఇంకో మాట, పచ్చి మామిడికాయ కోసినప్పటి నుంచి బ్లేడు నల్లగా ఉంది. అది తుప్పేనా?

గుట్టబాట:
5 మిల్లీమీటర్ల మందం, లోపలి ఇనుము పిడి చివరిదాకా ఉన్నది తీసుకో అన్నా. ఎంత కొట్టినా ఏం కాదు.

కొలిమివీధి:
కొత్త కత్తి వద్దు తమ్ముడూ, డబ్బు దండగ. మాది నర్సీపట్నం దగ్గర. తాత వడ్రంగి, నాకు ఊహ తెలిసినప్పటి నుంచి బాడిస, ఉలి చప్పుళ్ల మధ్యే పెరిగాను. మందమైన కత్తి మొద్దు చీల్చడానికి బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ దానితో గుడారం మేకు చెక్కి చూడు, చెక్కలోకి దిగదు, జారిపోతుంది. నీ పలచటి కత్తే చెక్కడానికి మంచిది.

నువ్వు ఎంచుకున్న కట్టె చూడు. నల్ల తుమ్మతో బండి చక్రాలు, నాగళ్లు చేసేవాళ్లు. దెబ్బకు ఓర్చుకుంటుంది, తొందరగా చీలదు, అందుకే. అలాంటి దాన్ని చిన్న కత్తితో చీల్చబోయావు. పైగా ఆ మొద్దులో ముడి ఉండి ఉంటుంది. పెచ్చు ఊడింది కొట్టినందుకు కాదు, ఊపినందుకు. కత్తి అంచు నిలువు దెబ్బను తట్టుకుంటుంది, పక్కకు మెలిపెడితే విరుగుతుంది.

ఈసారి ఇలా చెయ్యి. ముడి లేని, నార తిన్నగా ఉన్న కట్టె తీసుకో. కత్తి మొన కట్టెకు అవతల రెండు వేళ్లయినా బయటికి ఉండాలి, అంతకంటే లావుది ముట్టుకోవద్దు. కత్తితో పగులు మొదలుపెట్టు, అంతే. ముందే రెండు మేకులు చెక్కి ఉంచుకో, ఒక వైపు పలచగా. పగులులో మేకు పెట్టి కొడితే కత్తి దానంతట అదే వదులవుతుంది. తీసి ఒరలో పెట్టెయ్యి, మిగతా పని మేకులది. కత్తి ఇరుక్కుపోయినా ఇదే మందు.

వెదురుకైతే కొట్టడం కూడా అక్కర్లేదు. మా ఊరి మేదర్లను చూశాను. కత్తితో కొస దగ్గర చీలిక తెరిచి, తర్వాత చేతులతోనే దబ్బలు విడదీస్తారు. చీలిక ఒక పక్కకు పోతుంటే, ఏ పక్క దబ్బ మందమవుతోందో ఆ పక్కను ఎక్కువ వంచుతారు. చీలిక మళ్లీ మధ్యకు వస్తుంది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. చెక్కడం నేర్చుకోవాలంటే అంకుడు కర్ర దొరికితే చూడు, మా పక్కనే ఏటికొప్పాక బొమ్మలు దానితోనే చేస్తారు. మెత్తగా, నున్నగా తెగుతుంది.

పెచ్చు సంగతి. నీ కత్తికి అంచు పక్కన వెడల్పాటి వాలు కనిపిస్తుంది కదా, ఆ వాలు మొత్తం సానరాయికి ఆనాలి. 400 నంబరు రాయి మీద రెండు వైపులా సమానంగా, పెచ్చు పోయేదాకా రుద్దు. గంట పట్టవచ్చు. తర్వాత ఇంకా నున్నటి 1000 రాయి. మోటారు చక్రం మీద పట్టించకు. వేడికి అంచు నీలంగా మారిందంటే ఆ చోట ఇక పదును నిలవదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను. తొడ మీద పెట్టుకొని చెక్కవద్దు. పంతొమ్మిదేళ్ల వయసులో వెదురు కణుపు దగ్గర కత్తి జారి నా ఎడమ తొడలో దిగింది. ఆరు కుట్లు. తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం ఉంటుంది, నాది కొంచెంలో తప్పింది. మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, చేతులు ముందుకు చాచి చెక్కు. చెయ్యి చాచితే అందేంత దూరంలో ఎవరూ ఉండకూడదు, ముఖ్యంగా పిల్లలు.

మంచులో_మల్లి:
నేను స్వీడన్‌లో ఉమియోలో ఉంటున్నాను. ఆ వీడియోల్లో చీల్చేవి ఎక్కువగా స్ప్రూస్, పైన్, బర్చ్. ఇక్కడి కట్టె నార తిన్నగా ఉంటుంది, నా చేతికే చక్కగా చీలుతుంది. తుమ్మతో పోల్చుకొని దిగులు పడకండి. ఇక్కడ మోరా పట్టణం వైపు వందేళ్లకు పైగానే కత్తులు చేస్తున్నారు. అలవాటుగా వాడేవన్నీ మీ దానిలాంటి పలచటివే.

మామిడి వల్ల వచ్చిన నలుపు తుప్పు కాదండీ. పులుపుకు కార్బన్ స్టీల్ మీద ఏర్పడే పొర, కొంత కాపాడుతుంది కూడా. ఎర్రగా, గరుగ్గా ఉంటేనే తుప్పు. వాడాక తుడిచి చుక్క కొబ్బరి నూనె రాయండి. తడి ఒరలో మాత్రం రాత్రంతా ఉంచకండి.

గుట్టబాట:
మల్లి గారు చెప్పాక అర్థమైంది, నేను కొన్న మందం కత్తి ఎందుకు వంటింట్లోనే పడి ఉందో. ఒకటి మాత్రం చెప్తాను, రిజర్వు ఫారెస్టులో కొమ్మ కొట్టినా, మంట పెట్టినా నేరమే. సొంత చేనులో చేసుకోవడం మంచి పని.

చేనుగట్టు:
నిన్న ఊళ్లోనే ఉన్నాను. రాయి మీద గంటన్నర కూర్చున్నాను, పెచ్చు పోయింది. అంచు వెలుతురులో చూస్తే ఒకే గీతలా ఉంది. గట్టు మీద ఎండిన సుబాబుల్ కొమ్మ కోసి, రెండు మేకులు చెక్కి, కొలిమివీధి అన్న చెప్పినట్టే చేశాను. మూడో దెబ్బకు టప్పున విడిపోయింది. లోపల పసుపు రంగులో, పొడిగా, ఒక్క చుక్క తడి లేదు. దాన్నే పలచగా పేళ్లు తీసి అంటించాను, ఒక్క అగ్గిపుల్లకే అంటుకుంది. మా నాన్న టీ పెట్టారు. రెండో మేకు ఇంకా సంచిలోనే ఉంది.