అమ్మానాన్నలతో సెలవులకు శాన్ ఆంటోనియో వెళ్లాలా, న్యూ ఆర్లీన్స్ వెళ్లాలా?

అందరికీ నమస్కారం. మేం డాలస్‌లో ఉంటాం. ఒంగోలు నుంచి అమ్మానాన్న వచ్చారు. థ్యాంక్స్‌గివింగ్ సెలవుల్లో వాళ్లని కారులో ఎక్కడికైనా తీసుకెళ్దామనుకుంటున్నాను. రెండు ఊళ్ల దగ్గర ఆగిపోయాను, ఎటూ తేలడం లేదు.

శాన్ ఆంటోనియో అయితే నాలుగైదు గంటల డ్రైవ్. రివర్ వాక్‌లో పడవ ఎక్కొచ్చు, 1836లో యుద్ధం జరిగిన అలమో కోట చూడొచ్చు. అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఆమెకి ఇదే సుఖం.

న్యూ ఆర్లీన్స్ దాదాపు 500 మైళ్లు. కానీ అక్కడ రెండో ప్రపంచ యుద్ధం మ్యూజియం ఉంది. నాన్న సోషల్ మాస్టారుగా రిటైరయ్యారు. ఆ యుద్ధంలోని నార్మండీ పోరాటం గురించి మొదలుపెడితే అన్నం సంగతి కూడా గుర్తుండదు. ఆయనకి ఆ మ్యూజియం చూపించాలని నాకు ఎంతో కోరిక. 1835లో మొదలైన సెయింట్ చార్ల్స్ ట్రామ్ లైన్ కూడా ఉంది, అది ఇద్దరికీ నచ్చుతుంది.

నా టెన్షనంతా అమ్మ గురించే. ఆమె గుడ్డు కూడా ముట్టదు. న్యూ ఆర్లీన్స్ వంటకాలైన గంబో, జంబలయా అంటే రొయ్యలో సాసేజో ఉంటాయి కదా! పెద్దవాళ్లతో వెళ్లినవాళ్లు చెప్పండి: భోజనానికి ఏం చేశారు? ట్రామ్ మెట్లు ఎత్తుగా ఉంటాయా? అక్కడి పాత పేట ఫ్రెంచ్ క్వార్టర్‌లో మోకాళ్ల నొప్పులతో నడవగలరా? మ్యూజియానికి ఒక రోజు సరిపోతుందా?